రాని జబ్బుకు రాజీ

జూన్ 3, మంగళవారం

డాక్టరు చెల్లిని అడిగిన మొదటి ప్రశ్న దగ్గు గురించి కాదు. ఎక్స్‌రే ఫిల్మును కిటికీ వెలుగుకు ఎత్తి పట్టుకుని, మా వైపు చూడకుండానే, "ఎప్పుడైనా ఫ్యాక్టరీలో పనిచేశావా అమ్మా?" అన్నాడు. చెల్లి ఉత్సాహంగా చెప్పింది. బ్రేకు షూల ఫ్యాక్టరీలో ఆరేళ్ళు, రెండో షెడ్డులో, పనివాళ్ళ మీద అజమాయిషీ చేసే మేట్ మా అక్కేనని. చెప్పి నన్ను చూపించింది కూడా. అప్పుడు ఆయన ఫిల్ము దించి నన్ను చూశాడు.

ఊపిరితిత్తి చుట్టూ ఉండే పొరకు క్యాన్సర్ వచ్చిందట. బ్రేకు షూలలో వాడే ఆస్బెస్టాస్ పీచు దుమ్ము లోపలికి పోయి కూర్చుంటే ఇరవై ఏళ్ళకో పాతికేళ్ళకో బయటపడుతుందట. చెల్లికి ఇప్పుడు నలభై నాలుగు. అక్కడ పని మానేసి పందొమ్మిదేళ్ళయింది. మానేశాక ఆ షెడ్డు గుమ్మం కూడా తొక్కలేదు.

మరిది టైలరు. నోట్లో నాలుక లేని మనిషి. మెడలో టేపు తీయడం మరిచిపోయి అలాగే ఆసుపత్రికి వచ్చేశాడు. తిరిగి వస్తుంటే బస్సులో ఒకే ఒక్క మాట అన్నాడు. "వదినా, ఫ్యాక్టరీ వాళ్ళు అప్పుడు కొంతమందికి డబ్బు ఇచ్చారు కదా. దీనికీ ఇస్తారేమో."

ఇస్తారేమో అన్నాను.

జూన్ 4

ప్రెస్సులో ఒక పుస్తకం తలకిందులుగా కుట్టాను. ఫ్యాక్టరీ మూతపడ్డాక బైండింగు పనిలో చేరి పన్నెండేళ్ళు. ఇలా ఎప్పుడూ జరగలేదు.

జూన్ 7, శనివారం

లాయరమ్మ దగ్గరికి వెళ్ళాం. జిరాక్స్ షాపు మీద చిన్న గది, మూడే కుర్చీలు. మరిది నిలబడ్డాడు. ఆవిడ చక్కగా, చిన్నపిల్లలకు చెప్పినట్టు చెప్పింది. అదే నాకు నచ్చలేదు. అర్థం కాకుండా చెబితే బాగుండేది.

తొమ్మిదేళ్ళ కిందట ఫ్యాక్టరీ మీద కేసు అందరి తరఫునా ఒక్కటే నడిచింది. రాజీ కూడా ఒక్కటే కుదిరింది. ఆ రాజీ కాగితంలో ఒక వాక్యం ఉంది. ఇప్పటికే జబ్బు చేసినవారు, ఇకముందు జబ్బు చేయబోయేవారు, అందరికీ ఇదే ఆఖరు అని.

మరిది గోడకు ఆనుకుని అడిగాడు. "రాని జబ్బుకి అప్పుడే ఎలా రాజీ పడతారు మేడమ్?"

"కంపెనీ వాళ్ళకి తలుపు ఒక్కసారే మూసేసుకోవాలి. మూయనిస్తేనే డబ్బిస్తామన్నారు. అప్పటికే మంచాన పడ్డవాళ్ళకి ఆ డబ్బు ఆ వారమే కావాలి. ఒప్పుకున్నారు."

"మరి బాగున్నవాళ్ళకి?"

"ఐదేళ్ళు ఉచితంగా పరీక్షలు. కార్డు ఇచ్చారుగా."

చెల్లి సంచిలోంచి కార్డు తీసి బల్ల మీద పెట్టింది. ఐదు ముద్రలు, ఐదుసార్లూ బాగుందనే. "ఐదేళ్ళూ శుభ్రంగా ఉన్నాను మేడమ్. ఉచితం అయిపోయేదాకా ఆగి వచ్చినట్టుంది ఇది, మర్యాద తెలిసిన జబ్బు" అంది. నవ్వి, నవ్వినందుకు దగ్గు వచ్చి, చాలాసేపు వంగి కూర్చుంది. లాయరమ్మ ఫ్యాను తగ్గించింది, ఎందుకో.

ఒక్క దారి ఉందట. అప్పట్లో ప్రతి మనిషికీ చేతికి నోటీసు ఇవ్వాలి. ఈ రాజీ నాకొద్దు, నా దారి నాది అనుకున్నవాళ్ళు అరవై రోజుల్లోగా ఉత్తరం రాసి బయట ఉండిపోవచ్చు. నోటీసే అందని మనిషికి ఆ అవకాశం రాలేదు కాబట్టి, రాజీ ఆమెను కట్టిపడేయకూడదని కోర్టును అడగవచ్చు. అప్పుడు చెల్లి విడిగా కేసు వేసుకోవచ్చు, మందులకు దారి దొరుకుతుంది.

"మీకు నోటీసు అందిందా?" అంది.

చెల్లి నా వైపు తిరిగింది. "అందిందా అక్కా?"

రెండో షెడ్డు నోటీసులు పంచింది నేనే మరి.

"గుర్తులేదు" అన్నాను.

నిజంగానే గుర్తులేదు. తొమ్మిదేళ్ళు. అరవై ముగ్గురు మనుషులు. ఎవరికి ఎప్పుడిచ్చానో ఎవరికి గుర్తుంటుంది?

జూన్ 8

గుర్తులేదు.

జూన్ 11, బుధవారం

ఈయన డిపోలో టికెట్ల గుమాస్తా. లోకంలో ఏ విషయమైనా పై ఆఫీసుకు పంపితే సర్దుకుంటుందని నమ్మకం. "నోటీసులు అందినట్టు సంతకాలున్న ఆ లిస్టు కోర్టు నుంచి రానీ. లిస్టులో ఏముంటే అది. మధ్యలో నీకెందుకు కంగారు?" అన్నారు. టీ చల్లారిపోయిందని మళ్ళీ పెట్టమన్నారు. పెట్టాను. పంచదార వేయలేదు. తాగేశారు, గమనించలేదు.

జూన్ 16, సోమవారం

లిస్టు నకలు వచ్చింది.

లాయరమ్మ ఇరవై ఏడో పేజీ తీసి చెల్లి ముందు పెట్టింది. వరస నంబరు నలభై ఒకటి. పేరు, ఎదురుగా సంతకం. చెల్లి కాగితాన్ని దగ్గరికి తీసుకుని, దూరం జరిపి, మళ్ళీ దగ్గరికి తీసుకుంది. నేను కిటికీలోంచి కింద జిరాక్స్ కుర్రాడు కాగితాలు పేర్చడం చూస్తున్నాను.

"నాదే" అంది చెల్లి. "చివర్లో ఈ మెలిక నేనే తిప్పుతాను."

"బాగా చూసుకోండి."

"నాదే మేడమ్. ఇప్పుడు గుర్తొచ్చింది కూడా. ఫ్యాక్టరీ గేటు దగ్గర నీళ్ళ ట్యాంకు పక్కన నిలబడి పెట్టాను. పెన్ను రాయకపోతే అక్క తన పెన్నిచ్చింది. కదక్కా?"

 తల ఊపానో లేదో తెలియదు. ఊపానేమో.

లాయరమ్మ ఫైలుకు తాడు కట్టేసింది. మరిది మెట్లు దిగుతూ, "పోన్లే, తెలుసుకున్నాం కదా" అన్నాడు. ఎవరితో అన్నాడో.

జూన్ 17

ఏడో తేదీన అబద్ధం రాశాను. ఎనిమిదిన కూడా. ఎవరూ చదవని పుస్తకంలో కూడా అబద్ధం రాసుకునే మనిషిని నేను.

గుర్తుంది. అంతా గుర్తుంది.

షెడ్డులో మాస్కుల రిజిస్టరు ఉండేది. రోజూ పొద్దున్న ప్రతి ఒక్కరూ మాస్కు తీసుకున్నట్టు సంతకం పెట్టాలి. మాస్కులు వారానికి ఒక పెట్టె వచ్చేవి, అవి రెండు రోజులకే. మిగిలిన రోజుల్లో రుమాలే కట్టుకునేవాళ్ళం. అయినా రిజిస్టరు నిండాలి, లేకపోతే మేనేజరు ఆ పూట లైను ఆపేస్తాడు, ఆపితే ముక్కకింత అని వచ్చే పీసు రేటు కూలి పోతుంది. అరవై మందిని వరసలో నిలబెట్టి సంతకాలు పెట్టించే ఓపిక ఎవరికి? నేనే పెట్టేసేదాన్ని. మొదట్లో గిలికేదాన్ని. తర్వాత మేనేజరు ఒకసారి "అన్నీ ఒకేలా ఉన్నాయేంటి?" అన్నాడని పంతం పట్టి నేర్చుకున్నాను. అందరివీ. ఒకరిది పొడుగు, ఒకరిది పొట్టి, ఒకామె పేరు చివర చుక్క పెడుతుంది. చెల్లి మెలిక తిప్పుతుంది. ఏడు నిమిషాల్లో అరవై ముగ్గురినీ పూర్తిచేసేదాన్ని. నన్ను సంతకాలక్క అనేవాళ్ళు. ఎంత మురిసిపోయేదాన్నో.

ఇక ఆ నోటీసులు. మిక్సింగు గదిలో పనిచేసిన తాత అప్పటికే గొట్టంతో గాలి పీలుస్తున్నాడు. మాకందరికీ పని నేర్పినవాడు. శుక్రవారం లోపల సంతకాల లిస్టు మొత్తం కోర్టుకు అందకపోతే కేసు మూడు నెలలు వాయిదా పడుతుందన్నారు. తాతకు మూడు నెలలు లేవనుకున్నాం. యాభై రెండు మందికి ఇల్లిల్లూ తిరిగి ఇచ్చాను, నిజంగానే ఇచ్చాను, చదివి చెప్పాను కూడా. పదకొండు మంది దొరకలేదు. వాళ్ళ అత్తగారికి తుంటి విరిగిందని చెల్లి వేరే ఊళ్ళో ఉంది. గురువారం మధ్యాహ్నం యూనియన్ ఆఫీసు బల్ల మీద పదకొండు సంతకాలూ నేనే పెట్టేశాను. రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

తాతకు డబ్బు వచ్చింది. నాలుగు నెలలు బతికాడు.

చెల్లి తిరిగొచ్చాక నోటీసు ఇద్దామనుకున్నాను. కార్డు మాత్రం ఇచ్చాను. నోటీసు ఇస్తే, "అందినట్టు నేను సంతకం పెట్టక్కర్లేదా అక్కా?" అంటుందని. అంతే. అంత చిన్న సిగ్గు.

నీళ్ళ ట్యాంకు దగ్గర ఏ పెన్నూ ఇవ్వలేదు. అక్కడ నిలబడనే లేదు. నా రాతను నమ్మి లేనిది గుర్తు తెచ్చుకుంది పిచ్చిది.

జూన్ 21, శనివారం

ఈయనకు చెప్పాను. తలుపు గడియ వేసి వచ్చి కూర్చున్నారు.

"ఫోర్జరీ అంటారు దాన్ని."

"తెలుసు."

"పదకొండు."

"తెలుసండీ."

"అసలు నోటీసు చేతికొచ్చినా మీ చెల్లి ఏం చేసేది? నువ్వు ఏం చెబితే అదే చేసేది. రాజీలోనే ఉండిపో అనేదానివి. ఉండిపోయేది. ఏం మారేది చెప్పు?"

అదీ నిజమే. నిజంగా అదీ నిజమే. అందరూ ఉండిపోయారు. అరవై ముగ్గురిలో ఒక్కరూ బయటికి వెళ్ళలేదు. బాగున్న మనిషి రాబోయే జబ్బు కోసం ఉత్తరం రాస్తూ కూర్చుంటుందా? ఏమీ మారేది కాదు. చెప్పినా మారదు. చెప్పి ఇప్పుడు దాని మనసు కష్టపెట్టడం దేనికి?

జూన్ 24

ఏమీ మారేది కాదు.

జూన్ 26

రేపు చెబుతాను.

జూన్ 27

చెల్లి నిద్రపోతోంది. లేపడం ఎందుకని వచ్చేశాను.

జూన్ 30, సోమవారం

ఛాతీలోంచి నీళ్ళు తీశారు. సీసా నిండా, పల్చటి టీ రంగులో. మందుల చీటీ చూసి మరిది పక్కకు వెళ్ళాడు. సాయంత్రం వాళ్ళింటికి వెళితే రెండు కుట్టు మిషన్లలో ఒకటి లేదు. ఉన్నచోట నేల తెల్లగా, నాలుగు కాళ్ళ గుర్తులు. ఆయన ఆ గుర్తుల మీద కుర్చీ వేసుకుని, మిగిలిన మిషను మీద ఎవరిదో చొక్కా కాలరు కుడుతున్నాడు. పలకరించాను. "కూర్చోండి వదినా" అని లేచి ఆ కుర్చీ నాకే ఇచ్చాడు.

కూర్చోలేకపోయాను.

జూలై 2, బుధవారం

లాయరమ్మకు చెప్పేశాను. తెల్ల కాగితం తోసి, చెల్లి సంతకం పెట్టి చూపించమంది. పెట్టాను. లిస్టు పక్కన పెట్టి చూసింది. చెల్లి ఆస్పత్రి కాగితాల మీద పెట్టిన ఇప్పటి సంతకం కూడా తీసింది. అది వణికిపోయి ఉంది.

"లిస్టులో ఉన్నదానికి మీ చెల్లి సంతకం కంటే మీదే దగ్గరగా ఉందమ్మా" అంది. తిట్టలేదు. తిడితే బాగుండేది. నా మీద కేసు రావచ్చని, నాకు వేరే లాయరు కావాలని చెప్పింది. ముందు చెల్లికి నా నోటితో నేనే చెప్పాలంది.

జూలై 3, గురువారం

చెప్పాను.

మంచం మీద దిండ్లకు ఆనుకుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. చేతులకు ఏదో ఒక పని ఉండాలి దానికి. చెప్పడం మొదలుపెట్టాక మధ్యలో ఆపితే మళ్ళీ చెప్పలేనని గబగబా చెప్పేశాను. మరిది మిషను ఆపేశాడు.

"మరి నాకు గుర్తుందే" అంది చెల్లి. "నీళ్ళ ట్యాంకు దగ్గర..."

"లేదే. నువ్వు ఊళ్ళోనే లేవు."

ఆలోచించింది. "అవును. అత్తయ్య తుంటి." చేతిలో కాయ పక్కన పెట్టింది. "ఆ కాగితంలో ఏముందో నువ్వు చదివావా?"

"చదివాను."

"బయట ఉండొచ్చని రాసుందా?"

"ఉంది."

"ముందుముందు జబ్బు చేసినా ఇంతేనని కూడా?"

"ఉంది."

"నా చేతికిచ్చుంటే నేనేం చేసేదాన్నంటావ్?"

ఉండిపోయేదానివి అని నాలుక చివరిదాకా వచ్చింది. పన్నెండు రోజులుగా నాకు నేను చెప్పుకుంటున్నదే. దాని మొహం చూశాక రాలేదు. "తెలీదు" అన్నాను.

"నాకూ తెలీదక్కా. ఉండిపోయేదాన్నేమో. నీకు భయపడో, తాత మొహం చూసో. కానీ అది నేను చేసేదాన్ని. ఇప్పుడు ఎంత బుర్ర బద్దలుకొట్టుకున్నా నేనేం చేసేదాన్నో నాకు తెలీదు."

ఏడ్చాను. అది ఏడవలేదు. చిక్కుడుకాయల పళ్ళెం నా వైపు జరిపి, "ఇవి తీసుకెళ్ళు. నాకు తినాలని లేదు. కొన్నాళ్ళు రాకు" అంది.

జూలై 9

రాకు అంది కదా, వెళ్ళలేదు.

జూలై 14

మరిది ప్రెస్సుకు వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు. ఇరవై తొమ్మిదిన కోర్టు అని చెప్పి వెళ్ళిపోయాడు. ఎలా ఉందని అడిగేలోపే.

జూలై 20, ఆదివారం

ఈయన మాట్లాడడం మానేశారు. తన బట్టలు తనే ఉతుక్కుంటున్నారు. అదొక శిక్ష అనుకుంటున్నారు కాబోలు. హాయిగా ఉంది.

హాయిగా ఏం లేదు. ఊరికే రాశాను. భయంగా ఉంది.

జూలై 29, మంగళవారం

 ఉన్నదున్నట్టు రాసేస్తాను.

చెల్లిని చక్రాల కుర్చీలో తెచ్చారు. నాకు దూరంగా, అవతలి వరసలో. నేను బోనెక్కి జరిగింది చెప్పాను. కంపెనీ లాయరు నెమ్మదైన మనిషి, గొంతు పెంచడు.

"మీ చెల్లెలంటే మీకు చాలా ఇష్టం కదమ్మా?"

"అవునండి."

"ఆవిడ కోసం జైలుకైనా వెళతారు."

"వెళతానండి."

"అబద్ధం కూడా చెబుతారు."

చిక్కుకుపోయాను. నిజం చెబితే ప్రేమ కొద్దీ చెప్పిన అబద్ధమంటున్నాడు. ఆపైన కార్డు ఎత్తి చూపించాడు. ఐదేళ్ళు పరీక్షలు చేయించుకున్న మనిషి రాజీకి ఒప్పుకోనట్టు ఎలా అవుతుందని. మా లాయరమ్మ లేచింది. "కార్డు చేతికిచ్చారు, బయటికి వెళ్ళే దారి ఒకటుందని చెప్పలేదు. ఉందని తెలియని దారిని వద్దనుకున్నట్టు ఎలా అవుతుంది?" అంది.

జడ్జిగారు చాలాసేపు ఆ లిస్టు తిప్పారు. తర్వాత గుమాస్తా చేత నాకు తెల్ల కాగితం ఇప్పించారు. "సంతకం పెట్టండి" అన్నారు.

"ఎవరిది పెట్టమంటారండీ?" అన్నాను.

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. నేను కావాలని అనలేదు. అలవాటు.

పదకొండూ పెట్టమన్నారు. లిస్టు చూపించలేదు. పెన్ను తీసుకున్నాను. పొడుగు, పొట్టి, చివర చుక్క. తొమ్మిదేళ్ళయినా చెయ్యి ఎక్కడా ఆగలేదు. నలభై ఒకటో నంబరు దగ్గర మెలిక తిప్పుతున్నప్పుడు, సిగ్గులేకుండా, ఒక్క క్షణం నాకు గర్వంగా అనిపించింది. ఎంత బాగా వచ్చిందో అని. తల ఎత్తితే చెల్లి నన్నే చూస్తోంది. నా మొహంలో ఆ గర్వం చూసేసింది.

జడ్జిగారు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకున్నారు. కంపెనీ లాయరు కూడా వెళ్ళి చూసి, వచ్చి కూర్చున్నాడు.

"మిగతా ఈ పదిమంది ఇప్పుడెక్కడున్నారు?" అని అడిగారు జడ్జిగారు. తెలిసినంతవరకు చెప్పాను. ముగ్గురు పోయారని చెప్పాను. దేనితో పోయారని అడిగారు.

నేను ఏ రోజూ అడగలేదు.

ఆగస్టు 12, మంగళవారం

తీర్పు వచ్చింది. చెల్లికి ఆ రాజీ వర్తించదు. చెప్పకుండా, అడగకుండా ఎవరి రేపటినీ ఎవరూ రాజీ చేసేయలేరని రాశారట. విడిగా కేసు వేసుకోవచ్చు. మిగతా పదిమందికీ, పోయినవాళ్ళయితే ఇంటివాళ్ళకీ, కొత్తగా నోటీసులు పంపాలి. ఈసారి పోస్టులో. నా మీద విచారణ జరపమని పోలీసులకు రాశారు. శుక్రవారం రమ్మన్నారు.

తమ చేత్తో సంతకం పెట్టిన యాభై రెండు మందికీ రాజీ రాజీయే. రేపు జబ్బు చేసినా సరే. "ఇది న్యాయమేనా మేడమ్?" అని లాయరమ్మను అడిగాను. "వాళ్ళని అడిగారు కదమ్మా" అంది. ఆవిడకూ అంత నమ్మకం ఉన్నట్టు లేదు. ఎలా అడిగానో నాకు తెలుసు. తాత గాలి పీల్చలేకపోతున్నాడు, కాస్త తొందరగా పెట్టమ్మా అని గుమ్మంలో నిలబడి అడిగాను. ఆ యాభై రెండులో నాదీ ఒకటి. నాది నేనే పెట్టుకున్నాను.

ఆగస్టు 15, శుక్రవారం

స్టేషన్లో మూడు గంటలు. చెప్పింది రాసుకుని, చదివి వినిపించి, కింద నా సంతకం పెట్టమన్నారు. నాది ఎలా ఉంటుందో ఒక్క క్షణం గుర్తు రాలేదు.

ఆగస్టు 19, మంగళవారం

మరిది ఫోను చేశాడు. "మీ చెల్లి రమ్మంటోంది వదినా. కళ్ళద్దాలు తెచ్చుకోమంది."

ఆసుపత్రిలో కిటికీ పక్క మంచం. ముక్కుకు గొట్టం, కుడి చేతికి సూది. నలభై ఏడు రోజుల తర్వాత దగ్గరగా చూడడం. సగమైపోయింది. లాయరమ్మ కొత్త కేసు కాగితాలు తెచ్చి పెట్టింది, పద్నాలుగు పేజీలు. ఈ రోజే దాఖలు చేయాలని, సంతకం ఎక్కడ పెట్టాలో పెన్సిలుతో గుర్తు పెట్టి ఉంచింది.

చెల్లి నన్ను కూర్చోమనలేదు. కాగితాలు నా వైపు తోసింది. "చదువు. మొత్తం. ఒక్క ముక్క కూడా వదలకు."

చదివాను. మొదటి పేజీలో దాని పేరు, వయసు, మేము పనిచేసిన షెడ్డు. మూడో పేజీలో నా గురించి ఉంది. అక్కడ ఆగాను. "ఆగకు" అంది. ఆగలేదు. అర్థం కానిచోట అదే వేలు ఎత్తి ఆపింది. లాయరమ్మ చెప్పింది, మళ్ళీ చదివాను. తొమ్మిదో పేజీ దగ్గర నర్సు వచ్చి సూది చూసి వెళ్ళింది. పదకొండో పేజీ రెండుసార్లు చదివించుకుంది. ఓడిపోతే ఏమవుతుందో ఉన్న పేజీ అది. లాయరమ్మ గడియారం చూసుకుంటోంది. చెల్లి ఆవిడ వైపు చూడనే లేదు.

అంతా అయ్యాక కళ్ళు మూసుకుని కాసేపు పడుకుంది. నిద్రపోయిందేమో అనుకున్నాం.

"సరే. నాకిష్టమే" అంది.

మరిది కింద అట్ట పెట్టాడు. సూది గుచ్చిన చేత్తో పెన్ను పట్టుకుంటే జారిపోయింది. రెండోసారీ జారింది. నా చెయ్యి దానంతట అదే ముందుకు వెళ్ళింది.

"చెయ్యి తియ్యక్కా" అంది.

తీశాను. ఒక్కో అక్షరం రాసి ఊపిరి తీసుకుంటూ, మళ్ళీ రాసింది. చివర మెలిక తిప్పలేదు, గీత కిందికి జారిపోయింది. నాలుగు నిమిషాలు పట్టింది. నేను చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.